ఇద్దరున్న గది వేడి

మీటరు గారి చొక్కా జేబులో పెన్ను ఉండదు, మల్టీమీటరు ఉంటుంది. దాని ఎర్ర తీగ, నల్ల తీగ జేబు అంచు మీదుగా వేలాడుతుంటాయి. ఆ పేరు వీధి పెట్టింది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. ఆ బిల్లు కూడా ఆయన ఒక్కడే చదువుతాడు.

ఉండేది మేడమీద ఒక పోర్షన్. వెనక వంటగది, పడుకునే చోటు. ముందు పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు ఉన్న గది. ఆ ముందుగదే పనిచోటు. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక ఎత్తుపీట, ఎప్పుడూ రెండు మూడు విప్పిన కంప్యూటర్లు. కింద ఇనుప గేట్లు చేసే షాపు ఉంది. పొద్దున తొమ్మిదికి కోత మిషను అరవడం మొదలుపెడితే సాయంత్రం దాకా ఆగదు. మీటరు గారికి అదొక లెక్క కాదు. ఆయన మాట్లాడేది తక్కువ, మాట్లాడటానికి ఉన్నవాళ్లు ఇంకా తక్కువ.

ఈ పనికి ముందు ముప్పై ఒక్క ఏళ్లు కోల్డ్ స్టోరేజీలో పనిచేశాడు. ఆరు గదులు, ఆరు మందపాటి తలుపులు, ప్రతి తలుపు పక్కనా గోడకి ఒక డయలు. గంటగంటకీ ఆ ఆరూ చూసి పుస్తకంలో రాయడం ఆయన ఉద్యోగం. రెండు డిగ్రీలు ఉండాల్సిన గది రెండున్నర చూపిస్తే గంట కొట్టాలి. గంట కొట్టాల్సిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చివర్లో ఆ డయళ్లు చదవడానికి ఒక కంప్యూటరు వచ్చింది. అది తన కడుపు కొట్టడానికి వచ్చిందని ఆయన అనుకోలేదు. లోపల ఏముందో చూడాలనుకున్నాడు. డయళ్ల పని పోయి ఖాళీగా కూర్చోబెట్టిన చివరి రెండేళ్లలో విప్పాడు, బిగించాడు, రెండుసార్లు కాల్చాడు, తిట్లు తిన్నాడు. బయటికొచ్చేసరికి చేతిలో ఒక విద్య ఉంది.

ఆ విద్య ఓవర్‌క్లాకింగ్. ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో పరుగెత్తించడం. పరుగు పెరగాలంటే ఓల్టేజి కాస్త పెంచాలి, ఓల్టేజి పెరిగితే వేడి పెరుగుతుంది, వేడి ముదిరితే అది లెక్క తప్పుతుంది. ఎక్కడిదాకా పెంచొచ్చో కనిపెట్టి, అక్కడ ఆపడమే పనితనం. పెంచేవాళ్లు చాలామందే ఉన్నారు. కొలిచేవాళ్లు తక్కువ.

మీటరు గారికి కొలతలో కొన్ని పట్టుదలలున్నాయి. స్క్రీను మీద కనపడే ఓల్టేజిని ఆయన నమ్మడు. అది బోర్డు మీదున్న ఒక చిన్న చిప్పు చెప్పే ఉజ్జాయింపు. మీటరు తీగ చివరి ముల్లు బోర్డు మీద కొలిచే చోట ఆనించి చూస్తే స్క్రీను ఒకటీ పాయింటు రెండు ఎనిమిది అన్నది ఒకటీ పాయింటు మూడు ఒకటి అవుతుంది. ఆ మూడు వందోవంతులే ఏడాదిలో ప్రాసెసర్‌ని తినేస్తాయంటాడు. వేడి కూడా మిషను ఊరికే ఉన్నప్పుడు చూడడు. "పరుగెత్తనివాడి ఆయాసం కొలిచి ఏం లాభం?" బరువైన లెక్కలు గంటలకొద్దీ చేయిస్తూ చూస్తాడు. చూసే ప్రోగ్రాము ఒక్కటే ఉండాలి. రెండు పెడితే రెండూ ఒకే చిప్పుని ఒకేసారి అడుగుతాయి, అది ఇద్దరత్తల మధ్య కోడల్లా నోటికొచ్చిందేదో అనేస్తుంది. ఒకసారి అలాగే నూట ఇరవై ఏడు డిగ్రీలు చూపిస్తే, ఎవరో కుర్రాడు హడలిపోయి మిషను చంకనేసుకుని పరుగెత్తుకొచ్చాడట.

ప్రతి మిషను డబ్బా లోపలి వైపు ఒక కాగితపు చీటీ అంటిస్తాడు. దాని మీద పెన్సిలుతో తేదీ, గది వేడి, ప్రాసెసర్ వేడి, మీటరు చూపిన ఓల్టేజి. గది వేడి ఎందుకని ఎవరైనా అడిగితే, "ఎండలో నిలబడ్డవాడికీ నీడలో నిలబడ్డవాడికీ ఒకే చెమట పడుతుందా?" అంటాడు. పొద్దున ఎనిమిదికి తాళం తీస్తూ గుమ్మం పక్కన గోడకున్న థర్మామీటరు చూసి ఆ అంకె రాస్తాడు.

ఇక బావ. మీటరు గారి అక్క మొగుడు, బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. అక్క పోయి ఆరేళ్లయింది. పిల్లల్లేరు. అక్క ఉన్నప్పుడు బావమరిదీ బావా ఏడాదికి రెండుసార్లు ఎదురుపడితే గొప్ప. ఆవిడ పోయిన మూడోవారంలో ఒక శనివారం మూడింటికి బావ ఫ్లాస్కు నిండా టీ పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. ఎందుకొచ్చావని ఈయన అడగలేదు, ఎందుకొచ్చానో ఆయన చెప్పలేదు. అప్పట్నించీ ప్రతి శనివారం మూడింటికి రావడం, తలుపు మూసి ఎత్తుపీట మీద కూర్చోవడం, ఆరింటికి లేవడం. ఇంజను పక్కన ముప్పై ఏళ్లు కూర్చున్న ఎడమ చెవి పోయింది. కుడి చెవి సగం ఉంది. ఆ సగానికి కింద గేట్ల షాపు రొద ఒకటి అడ్డం.

"ఏరా, జ్వరమెంత?" ఇదీ రాగానే అడిగే మాట.

"ఎనభై ఆరు."

"బతికే ఉందా?"

"ఇది బతికేదే ఆ వేడిలో బావా. వంద దాకా కాలిపోదు."

"మీ అక్కా అంతే. నూట రెండు జ్వరంలో బట్టలుతికింది." అని టీ పోసేవాడు. అక్క మాట ఆ గదిలో అంతవరకే వచ్చేది. టీ చల్లారేదాకా ఇద్దరూ స్క్రీను మీద వేడి చూపే గీత వంక చూసేవాళ్లు.

ఈ ఏడాది యానిమేషన్ అమ్మాయి మిషను వచ్చింది. ఆ అమ్మాయి కదిలే బొమ్మల సినిమాలు చేస్తుంది. ఒక్కో నిమిషం బొమ్మకి మిషను గంటలకొద్దీ పనిచేయాలి. వేగం పెంచాలి, మధ్యలో మాత్రం ఆగకూడదు; ఆగితే అప్పటిదాకా చేసిందంతా నీళ్లపాలు. మీటరు గారు మాటిచ్చాడు: ఏడు రోజులు ఒక్క తప్పు లేకుండా నడిస్తేనే మిషను గడప దాటుతుంది.

ఆదివారం పొద్దున మొదలుపెట్టాడు. ఎనభై ఆరు డిగ్రీలు, గీత గీసినట్టు ఆరు రోజులు నడిచింది. శనివారం నాలుగున్నరకి తొంభై ఒకటికెళ్లి, లెక్క తప్పి ఆగిపోయింది. ప్రాసెసర్ మీద పూసే పేస్టు మార్చి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ ఆరు రోజులు, మళ్లీ శనివారం, మళ్లీ నాలుగుంపావు. మీటరు పెట్టి చూస్తే ఓల్టేజి వెంట్రుకవాసి కదల్లేదు. ఫ్యాన్లు మార్చాడు. కింద షాపువాళ్లని అనుమానించాడు గానీ వాళ్లు అన్ని రోజులూ ఒకేలా కరెంటు లాగుతారు. శనివారం ఒక్కరోజే ఏముంది?

ఏముందో కళ్లెదురుగా ఎత్తుపీట మీద కూర్చుని టీ ఊదుకుంటోంది.

మూడోవారం బావని కనిపెట్టి చూశాడు.

"బావా, ఆ ఫ్లాస్కు డబ్బా మీద పెట్టకు."

"పెట్టన్లే."

"ఫోను చార్జింగు ఇక్కడొద్దు."

"సరే. ఊపిరి పీల్చుకోనా, దానికీ పర్మిషనుందా?"

"కాలు జరుపు. గాలొచ్చే వైపు పెట్టావు."

"ఒరేయ్, నేను యాభై మందిని ఎక్కించుకుని ఘాట్ రోడ్డు మీద నడిపినోణ్ణి. అప్పుడు కూడా నా కాలు ఎక్కడుందో ఇన్నిసార్లు ఎవడూ అడగలేదు." అని బావ నవ్వుతూ పీటని గోడవారకి ఈడ్చుకున్నాడు.

నాలుగున్నరకి మిషను ఆగిపోయింది.

మూడువారాలు పోయాయి. ఆ రోజు పొద్దునే ఆ అమ్మాయి ఫోను చేసి, "బాబాయ్ గారూ, వచ్చేనెల సినిమా ఇచ్చేయాలి, ఏం చేయమంటారు?" అంది. మీటరు గారు స్క్రీను మీంచి తల తిప్పకుండా, గొణిగినట్టే అన్నాడు:

"నువ్వు రాకుండా ఉంటే పనవుతుంది బావా."

ఎప్పుడూ ఏ మాటైనా బావకి రెండుసార్లు చెప్పాలి. ఈ మాట మెల్లగానే అన్నాడు. కానీ తలుపు మూసి ఉంది, మాట వినపడే చెవినే పడింది.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందిరా," అన్నాడు బావ. నవ్వుదామని చూశాడు గానీ నవ్వు సగంలో ఆగింది. చెప్పులేసుకున్నాడు. "సరే. పని చేసుకో." మెట్లు దిగుతున్న చప్పుడు కోత మిషను రొదలో కలిసిపోయింది. ఫ్లాస్కు బల్ల కింద ఉండిపోయింది.

మర్నాడు మళ్లీ మొదలుపెట్టాడు. మధ్యలో ఫోను చేద్దామని రెండుసార్లు అనుకున్నాడు. బావకి ఫోనులో మాట సరిగా వినపడదు, ఇద్దరికీ "ఆఁ? ఆఁ?" అనడంతోనే సరిపోతుంది. అది సాకేనని ఆయనకీ తెలుసు. శనివారం మూడయింది. మెట్ల మీద ఎవరూ రాలేదు. నాలుగు, నాలుగున్నర, అయిదు. గీత ఎనభై ఆరు దగ్గరే ఉంది. ఆదివారం పొద్దునకి ఏడు రోజులూ నిండాయి. ఒక్క తప్పు లేదు.

"చూశావా బావా," అన్నాడు పైకే. ఎత్తుపీట ఖాళీగా ఉంది. తాను అన్నది నిజమైంది. నిజమైందన్న సంతోషం చెప్పుకోవడానికి ఉన్న ఒక్క మనిషీ ఆ నిజం వల్లే రావడం మానేశాడు.

చీటీ రాసి మూత బిగిస్తే అయిపోయేది. కానీ ఎందుకో తెలియకుండా వదిలే అలవాటు ఆయనకి లేదు. నాలుగువారాల చీటీలు బల్ల మీద పరిచాడు. ప్రాసెసర్ వేడి గంటగంటకీ రాసి ఉంది, ఓల్టేజి గంటగంటకీ రాసి ఉంది. గది వేడి రోజుకి ఒక్కసారే: ఇరవై ఏడు, ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది. అన్నీ పొద్దున ఎనిమిదికి.

లేచి బయటికెళ్లి థర్మామీటరు ముందు నిలబడ్డాడు. గుమ్మం పక్కన, తన కంటి ఎత్తున, మేకుకి వేలాడుతోంది. ముప్పై ఒక్క ఏళ్లు ఆయన చూసిన డయళ్లన్నీ తలుపు బయటే ఉండేవి. అక్కడ ప్రతి డయలు నుంచీ ఒక సన్నటి గొట్టం గోడ తొలుచుకుని గది లోపలికి వెళ్లేది. లోపలి చలిని బయట చూపించేది. ఈ గదికి మారిన రోజున చెయ్యి అలవాటు కొద్దీ మేకుని బయటే కొట్టింది. ఈ థర్మామీటరుకి గొట్టం లేదు. ఇన్నేళ్లుగా ఆయన గది వేడి అని రాసుకున్నది వరండా వేడి.

తనని తాను తిట్టుకోవడానికి కూడా పక్కన ఎవరైనా ఉంటే బాగుండేది.

థర్మామీటరు లోపలికి తెచ్చి బల్లకి పైగా కట్టాడు. మిషను మళ్లీ నడిపించాడు. అప్పుడు తలుపు గుర్తొచ్చింది. తాను ఒక్కడూ ఉన్నప్పుడు పగలంతా తలుపు బార్లా తెరిచే ఉంటుంది; రాత్రి మూసినా అప్పటికి బయటే చల్లబడి ఉంటుంది. మూసేది బావ. చప్పుడు లోపలికి రాకుండా, ఈయన మాట్లాడే నాలుగు మాటలూ ఆ సగం చెవికి వినపడాలని మూస్తాడు. ఆరేళ్లుగా మూస్తున్నాడు. ఈయన స్క్రీను వంక చూస్తూ ఒక్కసారీ గమనించలేదు.

తలుపు మూసి గంటన్నర కూర్చున్నాడు. గది మూడు డిగ్రీలెక్కింది. ప్రాసెసర్ ఎనభై తొమ్మిది దగ్గర ఆగింది. తొంభై ఒకటి కాలేదు. ఇంకో రెండు డిగ్రీలు ఎక్కడివి?

ఆ జవాబు ఆయనకి పాతికేళ్ల కిందటే తెలుసు. కోల్డ్ స్టోరేజీలో మూటలు మోసేవాళ్లు లోపలికెళ్తుంటే ముసలి ఇంజనీరు తలుపు దగ్గర తలలు లెక్కపెట్టించేవాడు. "మనిషంటే వంద వాట్ల బల్బయ్యా. పదిమంది వెళ్లారంటే పది బల్బులు వెలిగించినట్టు," అనేవాడు. అక్కడ మనుషుల వేడిని బయటికి పంపించడానికి గంట కొట్టడం మీటరు గారి పని.

సరిచూడాలంటే ఇంకో మనిషి కావాలి. గంటన్నర సేపు ఊరికే ఆ పీట మీద కూర్చునే మనిషి. ఎవర్ని అడగాలా అని ఆలోచించాడు. గేట్ల షాపువాళ్లకి ఆదివారం సెలవు. పక్కింటివాళ్లతో నీళ్ల మోటారు గురించి తప్ప మాటల్లేవు. ఫోనులో పేర్లు పైనుంచి కింద దాకా ఒకసారి చూశాడు. రిపేరుకిచ్చినవాళ్లే అందరూ. "రండి, వచ్చి ఊరికే కూర్చోండి" అని అడగదగ్గ పేరు ఒక్కటే ఉంది.

అటక మీదనుంచి పాత టేబుల్ ల్యాంపు దించాడు. దానికి తీగ మండే పాతకాలపు వంద వాట్ల బల్బు ఉంది. ఎత్తుపీట మీద, బావ కూర్చునే చోట పెట్టి స్విచ్చేశాడు. తలుపు మూశాడు. పట్టపగలు, పీట మీద బల్బు, ఎదురుగా తను. ఇద్దరూ స్క్రీను వంక చూస్తూ కూర్చున్నారు.

గంటా ఇరవై నిమిషాలకి తొంభై ఒకటి. మరో పది నిమిషాలకి మిషను ఆగిపోయింది.

వెంటనే యానిమేషన్ అమ్మాయికి ఫోను చేశాడు.

"అమ్మా, మీ గదిలో ఎంతమంది కూర్చుంటారు?"

"నేనూ, ఇంకో అమ్మాయీ. ఎందుకు బాబాయ్ గారూ?"

"తలుపు?"

"మూసే ఉంటుంది. పక్కన కుక్కలు ఒకటే గోల. ఏమైంది?"

"ఏసీ?"

"అంత భాగ్యమా!"

"మంచిదైంది," అన్నాడు. ఆ అమ్మాయికి ఏం మంచిదో అర్థం కాలేదు. పాసైన వారం లెక్కలోకి రాదు, ఫెయిలైన మూడు శనివారాలే అసలు పరీక్ష. ఆ మిషను ఈ చీటీతో ఆ గదికి వెళ్లుంటే రెండో రోజే చతికిలబడేది. "వేగం ఒక మెట్టు దించుతానమ్మా. ఇంకో వారం పడుతుంది."

"చాలా తగ్గుతుందా?"

"గంట పనికి రెండు నిమిషాలు ఎక్కువ."

"అంతేనా! దానికింత ఇదయిపోతున్నారేంటి? దించేయండి."

ఫోను పెట్టేశాక ఆ రెండు నిమిషాల గురించి చాలాసేపు ఆలోచించాడు.

సోమవారం పొద్దున కొత్త మెట్టు మీద మిషను నడిపించి వదిలి, ఫ్లాస్కు కడిగి బయల్దేరాడు. బావ ఇల్లు బస్సు డిపో వెనక. బావ గుమ్మంలో కూర్చుని చెప్పుకి కొత్త పట్టీ కుడుతున్నాడు. చూశాడు, సూది ఆపలేదు.

"ఫ్లాస్కు తెచ్చావా? అక్కడ పెట్టు."

"బావా, తప్పు నాదే."

"ఆఁ?"

డిపోలోంచి బస్సులు బయటికొస్తున్నాయి. మీటరు గారు బావ మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిపించి, తలుపు తనే మూశాడు. కుడి వైపుకొచ్చి కూర్చున్నాడు.

"తప్పు నాదే అంటున్నా."

"ఇప్పుడు వినపడింది. మళ్లీ చెప్పు, బావుంది."

చెప్పాడు. మేకు సంగతి, వరండా సంగతి, తలుపు సంగతి. వంద వాట్ల సంగతి చెప్పి, పీట మీద బల్బు పెట్టిన సంగతి కూడా చెప్పాడు. బావ అంతా విన్నాడు. దారం పళ్లతో తెంపాడు.

"అంటే ఆరేళ్లుగా వస్తోంది మనిషనుకున్నావు. తీరా చూస్తే బల్బు."

"నువ్వు రావడం వల్లే తప్పు దొరికింది బావా. నువ్వు లేని వారం అంతా తప్పుడు లెక్కే."

బావ చెప్పు కాలికి తొడిగి చూసుకున్నాడు.

"శనివారం వస్తావుగా?" అన్నాడు మీటరు గారు. ఇన్నేళ్లలో రమ్మని అడగడం అదే మొదటిసారి.

"శనివారాలు ఖాళీ అయ్యాయి కదాని డ్రైవింగు స్కూలువాళ్లకి ఒప్పుకున్నానురా. రెండింటి నుంచి అయిదింటి దాకా. మొన్నొక ఆవిడ బ్రేకు తొక్కమంటే కళ్లు మూసుకుంది."

"మానేయరాదూ?"

"మాటిచ్చాను." ఆ మాటలో కోపం లేదు. అందుకే మీటరు గారికి మళ్లీ అడగడానికి నోరు రాలేదు. టీ తాగి వచ్చేశాడు.

ఆ వారమంతా తలుపు మూసి, మధ్యాహ్నం మూడింటి నుంచి ఆరింటి దాకా పీట మీద బల్బు వెలిగించి పెట్టాడు. ఎనభై నాలుగు. శనివారం మూడింటికి స్విచ్చేస్తుంటే మెట్ల వైపు చెవి దానంతటదే వెళ్లింది. అప్పుడు బావ ఏ రోడ్డు మీదో ఎవరికో గేరు మార్చడం నేర్పిస్తుంటాడు. ఎనభై నాలుగు. నాలుగున్నర దాటింది, మిషను ఆగలేదు. సంతోషించాడు. ఆ సంతోషం అక్కడే బల్ల మీద పెట్టి ముల్లుతో ఓల్టేజి చూసుకున్నాడు.

అయిదూ నలభైకి తలుపు తోసుకుని బావ వచ్చాడు. చొక్కా నిండా చెమట, చంకలో ఫ్లాస్కు. తలుపు మూశాడు. పీట వంక చూశాడు. పీట మీద ల్యాంపు దర్జాగా వెలుగుతోంది.

"లేవమను దాన్ని," అన్నాడు.

మీటరు గారు గబుక్కున స్విచ్చాపి పట్టుకుంటే బల్బు చురుక్కుమంది. చెయ్యి విదిలించి, ల్యాంపుని కాడ దగ్గర పట్టుకుని కింద పెట్టాడు. బావ పీటని గోడవారనుంచి పాత చోటికి ఈడ్చుకుని కూర్చున్నాడు.

"జ్వరమెంత?"

"ఎనభై నాలుగు."

"కాలు ఇక్కడ పెట్టొచ్చా?"

"ఎక్కడైనా పెట్టుకో."

టీ తాగారు. కళ్లు మూసుకునే ఆవిడ ఈవారం ఒక కన్ను తెరిచిందట. అక్క కూడా బస్సులో ముందు సీట్లో కూర్చుంటే అలాగే మూసుకునేదని చెప్పాడు బావ. ఈయనకి అది ఇంతకాలం తెలియదు. చాలాసేపు గీత వంక చూశారు. అది ఎనభై నాలుగు మీదే నిలబడి ఉంది.

ఆరున్నరకి బస్సుందని బావ లేచాడు. వచ్చే శనివారం మాట ఇద్దరూ ఎత్తలేదు. వెళ్తూ తలుపు దగ్గరగా వేసి వెళ్లాడు. మీటరు గారు మళ్లీ బల్బు వెలిగించలేదు, తలుపూ తీయలేదు. కోత మిషను ఆగిపోయి వీధి సద్దుమణిగింది. పెన్సిలు తీసుకుని చీటీ మీద గది వేడి అన్నచోట "తలుపు మూసి, ఇద్దరు" అని రాశాడు, దానికెదురుగా ఎనభై నాలుగు వేశాడు. స్క్రీను మీద గీత మెల్లగా దిగడం మొదలుపెట్టింది. ఏడుంపావుకి ఎనభై రెండు దగ్గర ఆగింది. కింద ఇంకో వరసలో అది కూడా రాశాడు.